కిండర్ స్కౌట్ మీద నడిచే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్లే స్టాపింగ్ రైలు ఈడేల్ అనే చిన్న స్టేషన్‌లో ఆగుతుంది. శనివారం పొద్దున్నయితే సగం పెట్టె అక్కడే ఖాళీ అవుతుంది. బురద బూట్లు, వీపున సంచులు, చేతికర్రలు. దిగినవాళ్లంతా ఒకే వైపు నడుస్తారు. ఊరు దాటి, గొర్రెలు మేసే పచ్చిక బయళ్లు దాటితే ఎదురుగా కిండర్ స్కౌట్ కొండ. మా బావమరిది గుంటూరు నుంచి వచ్చినప్పుడు అతన్నీ అక్కడికి తీసుకెళ్లాను. రాతిగోడ మధ్యలో ఉన్న చెక్క గేటు తీసి నేను లోపలికి నడిచేసరికి అతను బయటే ఆగిపోయాడు.

"బావా, ఇది ఎవరి పొలమో. అడక్కుండా పోతే ఏమీ అనరా?"

"అనరు, రా."

"గవర్నమెంటు భూమా?"

"కాదు."

"మరి?"

ఆ "మరి?"కి గేటు దగ్గర నిలబడి చెప్పగలిగే జవాబు లేదు. అందులో కొండ ఉంది, డ్యూక్ ఉన్నాడు, వేట ఉంది, జైలు ఉంది, నూటపదహారేళ్ల శాసన పోరాటం ఉంది. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది వారాంతాల్లో ఇలాంటి కొండలెక్కుతుంటారు. కానీ ఏ అడుగు ఏ హక్కు మీద వేస్తున్నామన్నది తెలిసినవాళ్లు తక్కువ. తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ముందు కొండ గురించి. పేరులో స్కౌట్ ఉన్నా స్కౌటు పిల్లలతో దీనికి సంబంధం లేదు. ముందుకు పొడుచుకొచ్చిన కొండ చరియను సూచించే పాత నార్స్ భాషలోని మాట అది. డెర్బీషైర్ కౌంటీలో, పీక్ డిస్ట్రిక్ట్ అంతటికీ ఎత్తైన చోటు ఇదే: 636 మీటర్లు. అయితే మనం కొండ అనగానే ఊహించుకునే మొన శిఖరం దీనికి లేదు. పైకెక్కితే ఒక పెద్ద చదును. అంచుల చుట్టూ గాలికీ వానకీ అరిగిన నల్లటి గరుకు ఇసుకరాతి బండలు, మధ్యలో కనుచూపు మేర తడి నేల. పడమటి అంచున కిండర్ డౌన్‌ఫాల్ అనే 30 మీటర్ల జలపాతం ఉంది. పడమటి గాలి బలంగా వీచిన రోజున ఆ నీళ్లు కింద పడవు. గాలి వాటిని ఎత్తి వెనక్కి కొడితే, అంచున నడిచేవాళ్ల మీద కింది నుంచి పైకి వాన కురిసినట్టు ఉంటుంది.

ఇక భూమి. ఈ కొండలో ఎక్కువ భాగం నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థది. పేరులో నేషనల్ ఉందని ప్రభుత్వ శాఖ అనుకుంటాం, కాదు. 1895లో పుట్టిన ట్రస్టు అది, సభ్యుల చందాలతో నడుస్తుంది. కిండర్‌ను 1982లో తీసుకుంది. ఇంకో పొరపాటు నేషనల్ పార్క్ అన్న మాటతో వస్తుంది. మన దగ్గర జాతీయ ఉద్యానవనం అంటే అటవీ శాఖ చేతిలో ఉన్న అడవి, చెక్‌పోస్టు, టికెట్టు. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఇక్కడి నేషనల్ పార్కుల్లో ఊళ్లుంటాయి, పాడి రైతులుంటారు, భూమి అధిక భాగం ప్రైవేటు పట్టాల్లోనే ఉంటుంది. పార్కు పాలక సంస్థ చేతిలో ఉండేది ప్రధానంగా కట్టడాల అనుమతులు, ప్రకృతి రక్షణ. అంటే నేషనల్ పార్కులో ఉన్నంత మాత్రాన ఆ నేల మీద నడిచే హక్కు మనకు రాదు. ఆ హక్కు వేరే దారిలో వచ్చింది.

ఆ దారిలో మొదటి మలుపు, హక్కు పోవడం.

కొన్ని వందల ఏళ్ల పాటు ఇంగ్లండ్ పల్లెల చుట్టూ ఉమ్మడి భూములు ఉండేవి. మన బంచరాయి భూముల్లాంటివే అనుకోవచ్చు. ఊరివాళ్లు పశువుల్ని మేపుకునేవారు, పొయ్యిలోకి పీట్ అనే, ఎండబెడితే మండే మట్టి తవ్వుకునేవారు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా బిల్లులతో ఇలాంటి 68 లక్షల ఎకరాల చుట్టూ గోడలు లేపింది. ఇంగ్లండ్ నేలలో ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువే. పందొమ్మిదో శతాబ్దంలో కిండర్ కూడా ఆ లెక్కలోకే పోయింది. ఆ గోడలే ఇప్పుడు మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే రాతిగోడలు.

పైనున్న తడి నేల సేద్యానికి పనికిరాదు. కానీ అక్కడ హెదర్ పొద పెరుగుతుంది, హెదర్ చిగుళ్లు తిని గ్రౌస్ అనే పక్షి బతుకుతుంది, ఆ పక్షిని తుపాకీతో కాల్చడం ధనికుల వేడుక. ఆ వేట కాలం ఈనాటికీ ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10న ముగుస్తుంది. ఏడాదిలో నాలుగు నెలల వేట కోసం, అందులోనూ నిజంగా వేట సాగే కొద్ది రోజుల కోసం, పన్నెండు నెలలూ జనాన్ని కొండ ఎక్కనివ్వలేదు. కర్రలు పట్టుకున్న వేట కాపలావాళ్లు తిరిగేవారు. అతిక్రమిస్తే ప్రాసిక్యూట్ చేస్తామని బోర్డులుండేవి.

ఆ బోర్డులు అబద్ధం చెప్పేవి. ఇది చాలామందికి ఇప్పటికీ తెలియని విషయం. ఇంగ్లండ్ చట్టంలో ఒకరి నేల మీద ఊరికే అడుగుపెట్టడం సాధారణంగా నేరం కాదు, సివిల్ తగాదా. యజమాని వెళ్లిపొమ్మనవచ్చు, పోకపోతే మితమైన బలంతో బయటికి పంపవచ్చు, నష్టం జరిగితే దావా వేయవచ్చు. ఉత్త నడక మీద పోలీసు కేసు ఉండదు. అందుకే ఆ బోర్డులకు చెక్క అబద్ధాలని పేరొచ్చింది. రైల్వే, సైనిక స్థలాల్లాంటి మినహాయింపులు వేరు.

1932లో ఏం జరిగింది, ఏం జరగలేదు

కొండకు ఒకవైపు మాంచెస్టర్, మరోవైపు షెఫీల్డ్. ఒకటి నూలు మిల్లుల ఊరు, ఇంకొకటి ఉక్కు ఊరు. వారమంతా పొగలో పనిచేసిన జనానికి ఆదివారం ఒక్కటే పూర్తి సెలవు. చౌక టికెట్టు కొనుక్కుని రైలెక్కితే గంటలో కొండ కనిపించేది, ఎక్కడానికి మాత్రం ఉండేది కాదు. 1932 ఏప్రిల్ 24 ఆదివారం నాడు హేఫీల్డ్ అనే ఊరి దగ్గర బౌడెన్ బ్రిడ్జ్ క్వారీలో సుమారు 400 మంది పోగయ్యారు. ముందు నిలబడింది బెన్నీ రాత్‌మన్, మాంచెస్టర్ కుర్రాడు, అప్పటికి ఇరవయ్యేళ్లు. విలియం క్లఫ్ అనే లోయ వెంబడి నడిచి, ఒకచోట దారి వదిలి పక్క వాలు ఎక్కారు. కాపలావాళ్లు అడ్డొచ్చారు, తోపులాట జరిగింది, ఒక కాపలాదారు గాయపడ్డాడు. పైన ఆషప్ హెడ్ దగ్గర ఈడేల్ వైపు నుంచి వచ్చిన ఇంకో బృందాన్ని కలిసి, సంబరపడి, వచ్చిన దారినే దిగారు. కింద పోలీసులు కాచుకుని ఉన్నారు.

ఆరుగురి మీద కేసు పెట్టారు, ఐదుగురికి శిక్ష పడింది. రెండు నెలల నుంచి ఆరు నెలలు, రాత్‌మన్‌కు నాలుగు. కొండెక్కినందుకు జైలుకెళ్లారని అందరూ చెప్పుకుంటారు. కాగితం మీద మాత్రం అలా లేదు. కొండెక్కడం నేరం కాదని కోర్టుకూ తెలుసు. అందుకే అల్లరి మూక, అక్రమ సమావేశం, దాడి లాంటి అభియోగాలు పెట్టారు. డెర్బీలో విచారణ జరిపిన జ్యూరీ నిండా సైనికాధికారులు, భూస్వాములు. వారమంతా పొగ పట్టణాల్లో పనిచేసి కాస్త గాలి కోసం వస్తే మంచి కొండలన్నీ మూసి ఉన్నాయన్నది రాత్‌మన్ కోర్టులో వినిపించిన వాదన. చదివితే ఇప్పటికీ మనసు కదులుతుంది.

ఈ ఒక్క రోజే ఇంగ్లండ్‌లో కొండల మీద నడిచేవాళ్లకు స్వేచ్ఛ తెచ్చిందన్న కథను యథాతథంగా ఒప్పుకోలేను. వచ్చినవాళ్లు చాలామంది కొండ నడినెత్తికి చేరనే లేదు. మాంచెస్టర్‌లో నడిచేవాళ్ల సంఘాల సమాఖ్య ఈ పనిని వ్యతిరేకించింది, సామరస్యంగా సాగుతున్న చర్చలు చెడతాయని వాళ్ల భయం. ఆ చర్చల వల్ల ఫలితాలు రాకపోలేదు కూడా. హేఫీల్డ్ నుంచి కొండ మీదుగా పోయే స్నేక్ పాత్ 1897లో తెరుచుకున్నది అలాంటి రాయబారాల వల్లే. జనం విషయానికొస్తే, 1896లో బోల్టన్ దగ్గర వింటర్ హిల్ మీద ఒక కల్నల్ దారి మూసేస్తే పది వేల మంది ఊరేగింపుగా వెళ్లి గేటు విరగ్గొట్టారు. కోర్టులో ఓడిపోయారు. అంత పెద్ద గుంపు మరుగున పడి, 400 మంది ఎందుకు గుర్తుండిపోయారు? నాకు తోచిన కారణం ఆ శిక్షలే. అప్పటిదాకా గొడవెందుకు అనుకున్నవాళ్లకు కూడా ఐదుగురు కుర్రాళ్లు జైలుకెళ్లడం మింగుడు పడలేదు. కొన్ని వారాల్లోనే దగ్గర్లోని విన్నాట్స్ పాస్ కనుమలో జరిగిన సభకు వేలమంది వచ్చారు. జడ్జి శిక్ష వేయకుండా మందలించి పంపేసి ఉంటే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదేమో.

పార్లమెంటు మాత్రం తొందరపడలేదు. కొండలూ బయళ్లూ జనానికి తెరవాలని జేమ్స్ బ్రైస్ అనే ఎంపీ 1884లోనే బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. 1939లో ఒక చట్టం వచ్చింది గానీ, దారిలో సవరణలు చేసి చేసి దాన్ని తలకిందులు చేశారు. కొన్ని సందర్భాల్లో ఉత్త నడకనే నేరం చేసే క్లాజు అందులో దూరింది. నడిచేవాళ్లే దాన్ని అసహ్యించుకున్నారు, అది అమలుకే రాలేదు. యుద్ధం తర్వాత 1949లో అసలైన చట్టం వచ్చింది. నేషనల్ పార్కులు దాని వల్లే పుట్టాయి, 1951లో మొట్టమొదటిది పీక్ డిస్ట్రిక్ట్. ప్రతి కౌన్సిలూ తన పరిధిలోని ప్రజల కాలిబాటలన్నీ మ్యాపు మీద గీసి చట్టబద్ధం చేయాలన్నది కూడా ఆ చట్టమే. కొండల మీద స్వేచ్ఛగా తిరగడానికి మాత్రం యజమానులతో ఒప్పందాలు చేసుకోవాలన్నారు. కిండర్ మీద అలాంటి ఒప్పందాలు 1950ల్లోనే కుదిరాయి. 1965 ఏప్రిల్ 24న, రాత్‌మన్ బృందం కొండెక్కిన తేదీనే, ఈడేల్ నుంచి స్కాట్లాండ్ సరిహద్దు దాటే దాకా 268 మైళ్ల పెన్నైన్ వే నడకదారి మొదలైంది.

ఒప్పందం కాదు, హక్కు కావాలన్న డిమాండ్ నెరవేరింది 2000 చట్టంతో. కొండలు, మూర్ అనే చెట్లు లేని ఎత్తు బయళ్లు, హెదర్ నేలలు, సున్నపురాతి గడ్డి వాలులు, నమోదైన ఉమ్మడి భూములు, ఇవి ఎవరి పట్టాలో ఉన్నా కాలినడకన తిరిగే హక్కు అందరికీ ఉంది. 2004 సెప్టెంబరులో ఈ ప్రాంతంలో అమల్లోకి వచ్చింది. రాత్‌మన్ చట్టం నెగ్గడం చూశాడు, అమలు కావడం చూడలేదు. 2002 జనవరిలో, 90వ ఏట పోయాడు. మూడు నెలల తర్వాత డెబ్బయ్యో వార్షికోత్సవానికి ఒకప్పుడు కిండర్‌లో కొంత భాగానికి యజమానులైన కుటుంబం నుంచి పదకొండో డెవన్‌షైర్ డ్యూక్ వచ్చి, 1932లో తన తాత చేసింది పెద్ద తప్పని అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ఆ మూడు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండు గేట్లు, రెండు హక్కులు

బావమరిది ఆగిపోయిన గేటు దగ్గరికి తిరిగి వద్దాం. ఈడేల్ నుంచి ఎక్కేటప్పుడు రెండు రకాల గేట్లు వస్తాయి. కింద పచ్చిక బయళ్లలో ఉన్న గేటు మీద చిన్న పసుపు బాణం ఉంటుంది. పైన ఆఖరి గోడ దగ్గరున్న గేటు మీద గోధుమ రంగు గుండ్రటి గుర్తులో నడిచే మనిషి బొమ్మ ఉంటుంది. చూడ్డానికి రెండూ గేట్లే, చట్టం దృష్టిలో మాత్రం వేరు వేరు లోకాలు.

పసుపు బాణం అంటే దారి హక్కు. మన ఊళ్లలో పొలాల మధ్య డొంక ఎలాగో ఇదీ అలాగే. డొంకలో నడవచ్చు, పక్క చేలోకి దిగకూడదు. గీత మీదే హక్కు. రైతు ఆ గీతను మూయకూడదు, మనం దాన్ని దాటకూడదు. నీలి బాణమైతే గుర్రాలూ సైకిళ్లూ కూడా వెళ్లవచ్చు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి దారులు సుమారు 1,40,000 మైళ్లు. వీటిలో చాలావరకు ఎవరూ దానమిచ్చినవి కావు. చర్చికో, మిల్లుకో, సంతకో తరతరాలుగా జనం నడిచి నడిచి ఏర్పడినవి. ఈ రోజుకీ చట్టం అదే. ఇరవై ఏళ్లు జనం దాచకుండా, అనుమతి అడక్కుండా, ఆటంకం లేకుండా ఒక దారిన నడిస్తే, యజమాని దాన్ని ప్రజలకు వదిలేసినట్టే లెక్క. మా బావమరిది ఈ ముక్క వినగానే "అంటే అనుభవ హక్కు" అన్నాడు. సరిగ్గా అదే. యజమాని నేను ఒప్పుకోలేదని అంతకుముందే బోర్డు పెట్టి నిరూపించుకోగలిగితే తప్ప. ఒకసారి ప్రజల దారి అయిందంటే, వాడకపోయినంత మాత్రాన ఆ హక్కు చావదు.

గోధుమ గుర్తు అంటే విహార హక్కు. గీత లేదు, కొండ మీద ఎటైనా పోవచ్చు. 2000 చట్టం ఇచ్చింది దీన్నే. అయితే ఈ స్వేచ్ఛకు షరతులు గట్టివే. కాలినడకకే ఈ హక్కు. సైకిలు, గుర్రం, గుడారం, నిప్పు, చెరువులో ఈత దీని కిందికి రావు. మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్క తాడు మీదే ఉండాలి, అది నేల మీద గూడు కట్టే పక్షులు పొదిగే కాలం. యజమాని ఏడాదికి 28 రోజులు మూసుకోవచ్చు. గోడ పడగొట్టినా నియమం తప్పినా ఆ క్షణం నుంచి అతిక్రమణదారు కిందే లెక్క, 72 గంటల దాకా ఆ యజమాని నేల మీద మళ్లీ కాలు పెట్టే హక్కుండదు.

ఇంత చేసినా ఈ హక్కు పరచుకున్నది ఇంగ్లండ్ నేలలో దాదాపు 8 శాతం మీదే. ఆ 8 శాతం కూడా ఎక్కువగా ఉత్తరాన, ఎత్తున, జనం తక్కువున్న చోట. ఊళ్లకు దగ్గరగా ఉండే అడవులు, నదుల గట్లు, మామూలు పచ్చిక బయళ్లు లెక్కలోకి రాలేదు. మాంచెస్టర్‌లో ఉన్న మాకు కిండర్ ఉంది. దక్షిణాన, తూర్పున ఉండేవాళ్లలో చాలామందికి అలాంటి కొండ అందుబాటులో లేదు. ఇంకో వింత, చుట్టూ ప్రైవేటు పొలాలుండి మధ్యలో విహార హక్కున్న నేల ద్వీపంలా మిగిలిపోయిన చోట్లున్నాయి. తిరగడానికి హక్కుంది, అక్కడికి చేరడానికి దారి లేదు. స్కాట్లాండ్ 2003లో దీన్ని తిరగేసి ఆలోచించింది. బాధ్యతగా ఉంటే దాదాపు అంతటా నడవచ్చు, ఇళ్ల ఆవరణలు, నాటిన చేలు లాంటివి మినహాయింపులు. ఇంగ్లండ్ నైరుతిన డార్ట్‌మూర్‌లో గుడారం వేసుకుని రాత్రి గడిపే హక్కు ఉందా లేదా అన్న తగాదా 2025 మేలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఉందని తేలింది. 1985 నాటి స్థానిక చట్టంలో ఉన్న కొద్ది మాటల మీద నడిచిన కేసు అది. స్కాట్లాండ్ పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. ఏది తెరిచి ఉందో జాబితా రాయడం కన్నా, ఏది మూసి ఉండాలో యజమాని కారణం చూపడం సబబు.

కొండకూ ఒక లెక్క ఉంది

హక్కు గురించి ఇంత మాట్లాడాక కొండ స్థితి చెప్పకపోతే కథ సగమే. కిండర్ పైనున్నది పీట్. స్ఫాగ్నం అనే నాచు నీళ్లలో కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుంటే ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరిగే నల్లటి నేల. ఒక మీటరు లోతుకు వెయ్యేళ్లు. ఆ నాచు తన ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకోగలదు, అందుకే వరదనూ ఆపుతుంది, కార్బన్‌నూ దాచుకుంటుంది. మాంచెస్టర్, షెఫీల్డ్ పొగ గొట్టాల నుంచి నూరేళ్లకు పైగా కురిసిన ఆమ్ల వర్షం ఆ నాచును చంపేసింది. మితిమీరిన గొర్రెల మేత, కార్చిచ్చులు మిగతా పని పూర్తి చేశాయి. నేల నగ్నమైపోయి, వానకు కాలువలు పడి కొట్టుకుపోయింది. వేలాది బూట్లు దాన్ని ఇంకా వెడల్పు చేశాయి. నడిచేవాళ్ల తాకిడి తట్టుకోలేకే పెన్నైన్ వే మొదటి దారిని మార్చి, జేకబ్స్ లాడర్ అనే మెట్ల దారి వైపు తిప్పారు.

ఇరవయ్యేళ్లుగా మరమ్మతు సాగుతోంది. గొర్రెలు రాకుండా కంచె, ఆమ్లం విరగడానికి సున్నం, మట్టి జారకుండా జనపనార వల, కాలువలకు రాళ్లతో అడ్డుకట్టలు, హెలికాప్టరులో తెచ్చి పరిచిన హెదర్ కొమ్మలు. తర్వాత నాచు మొక్కలు, పిడికెడు పిడికెడుగా, చేత్తో నాటడం.

ఆషప్ హెడ్ దాటి మిల్ హిల్ వైపు వెళ్తే బురద మీద రాతి పలకల బాట ఉంటుంది. పెన్నైన్ వే మీద ఇలా పరిచిన పలకల్లో చాలా భాగం కూల్చేసిన నూలు మిల్లుల నేల నుంచి తెచ్చినవి. మన చేనేతను దెబ్బతీసిన గుడ్డ నేసింది మాంచెస్టర్ చుట్టుపక్కలున్న ఈ లంకాషైర్ మిల్లులే. 1931 సెప్టెంబరులో గాంధీ ఇక్కడి డార్వెన్‌కు వచ్చి పనిలేక కూర్చున్న మిల్లు కూలీలను కలిశాడు. కిండర్ సంఘటనకు ఏడు నెలల ముందు. కొన్ని పలకల్లో ఇప్పటికీ గుండ్రటి చిల్లులు కనిపిస్తాయి, ఒకప్పుడు యంత్రాలను బోల్టులతో బిగించిన గుర్తులు. ఒకదానిలో వాననీళ్లు నిలిచి ఉంటే బావమరిది గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూశాడు. రెండో కణుపు దాకా మునిగింది.

అంతలో ఎదురుగా ఒక ముసలి జంట కుక్కతో వచ్చారు. వాళ్లకు దారివ్వబోయి అతను పక్కనున్న ఆకుపచ్చ మెత్తటి నేల మీదికి దిగాడు. బూటు చీలమండ దాకా దిగబడింది.

"అటు కాదు, రాయి మీదికి రా. అది కొత్తగా నాటిన నాచు."

"ఎటైనా నడవచ్చన్నావుగా బావా?"

"నడవచ్చు. అయినా రాయి మీదే నడుద్దాం."

అతను కాలు లాక్కుని పలక మీదికి వచ్చాడు. వంగి, బూటు దిగిన చోట లేచిన నాచును రెండు చేతులతో మెల్లగా అదిమాడు.